పాత కారు, కొత్త పెట్రోలు: క్లాసిక్ కార్లలో ఇంధన వ్యవస్థ పునరుద్ధరణ

1964లో బొంబాయిలోని కుర్లా ఫ్యాక్టరీ నుంచి ఫియట్ 1100 డిలైట్ రోడ్డెక్కినప్పుడు దాని ట్యాంకులో పోసిన పెట్రోలు ఇవాళ దేశంలో ఏ బంకులోనూ దొరకదు. ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అది ఆగిపోయింది. ఇప్పుడు బంకులో పోసేదాంట్లో ఐదో వంతు ఇథనాల్. తర్వాతి కాలంలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న ఆ ఫియట్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అదే రేకు ట్యాంకు, అదే ఇత్తడి, అదే రబ్బరు. క్లాసిక్ కారును మళ్లీ నడిపించాలనుకునేవారికి ఎదురయ్యే చాలా చిక్కులకు మూలం ఈ తేడాయే.

ఇంధన వ్యవస్థ అంటే ట్యాంకు మూత దగ్గర మొదలై ఇంజన్‌లోకి గాలితో కలిసి వెళ్లేదాకా పెట్రోలు తాకే ప్రతి భాగమూ. ట్యాంకు, దానికి గాలి ఆడే సన్నటి గొట్టం, గేజికి మట్టం చెప్పే ఫ్లోటు యూనిట్, బండి అడుగున పోయే లోహపు లైను, రబ్బరు పైపులు, ఫిల్టరు, పంపు, కార్బొరేటర్. బండి ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిపోతే ఇవి ఒక్కొక్కటి ఒక్కో తీరున చెడతాయి. అయితే పెట్రోలు అన్నిటి గుండా పారేది కాబట్టి ఒకదాని జబ్బు పక్కదానికి అంటుకుంటుంది. ట్యాంకులో రాలిన తుప్పు కార్బొరేటర్ జెట్టులో తేలుతుంది. స్టార్టింగ్ ట్రబుల్ అంటూ షెడ్డుకొచ్చిన పాత బండికి అనుభవమున్న మెకానిక్ కార్బొరేటర్ విప్పడు. ముందు ట్యాంకు మూత తీసి వాసన చూస్తాడు.

పంపు లేని రోజులు

ఫోర్డ్ మోడల్ టీ 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైంది. దానికి ఇంధన పంపే లేదు. సీటు కింద ట్యాంకు, అంతకంటే దిగువన కార్బొరేటర్. పెట్రోలు తన బరువుకు తానే దిగేది. ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు నిటారు ఎత్తు ఎదురైతే డ్రైవర్లు బండిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో ఎక్కించేవారు. అలా చేస్తే ట్యాంకు పైకీ, ఇంజన్ కిందికీ వచ్చి పెట్రోలు మళ్లీ పారేది. ఆ తర్వాత ఇంజన్ పీల్పుతో పెట్రోలును చిన్న తొట్టిలోకి లాగే వాక్యూమ్ ట్యాంకులు వచ్చాయి. 1920ల చివరికి క్యామ్‌షాఫ్ట్ తోసే డయాఫ్రమ్ పంపు అమెరికాలోనూ, ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంపు ఇంగ్లండ్‌లోనూ నిలదొక్కుకున్నాయి. అప్పటినుంచి ట్యాంకు బండి వెనక్కి, ఇంజన్‌కు దూరంగా పోయింది. ఆ రెంటి మధ్య పొడవాటి లైను, దాని జాయింట్లు, దాని లీకులు అలా పుట్టుకొచ్చినవే.

మోడల్ టీ కార్బొరేటర్లలో చాలావాటికి ఫ్లోటు బెండుతో చేసేవారు. బెండు పెట్రోలు పీల్చకుండా దానికి లక్క పూత పూసేవారు. లక్క పెట్రోలుకు లొంగదు గానీ ఆల్కహాలులో కరుగుతుంది. బల్లలకు పాలిషు పెట్టే వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించేది ఆ గుణం వల్లే. ఇథనాల్ కలిసిన పెట్రోలు తగిలితే ఆ పూత కరిగి, బెండు నాని, ఫ్లోటు మునిగి, పెట్రోలు పొంగుతుంది. ఎనభై తొంభై ఏళ్లు బాగా పనిచేసిన భాగం ఇంధనం మారిన కొద్ది కాలానికే చేతులెత్తేసిందంటే తప్పు వయసుది కాదు. అమెరికాలో మోడల్ టీ యజమానులు చాలామంది ఇప్పుడు బెండు తీసేసి, ఇంధనాన్ని తట్టుకునే నురుగు ప్లాస్టిక్ ఫ్లోటు వేసుకుంటున్నారు.

ఇథనాల్ చేసే పని

పెట్రోలులో ఆల్కహాల్ కలపడం భారతదేశానికి మరీ కొత్తేమీ కాదు. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌ను మోటారు ఇంధనంలో కలిపేందుకు 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. కాకపోతే ఇప్పటి దశ 2003 జనవరిలో మొదలైంది. తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం కలపాలన్నారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. 2022 జూన్ నాటికి దేశమంతా 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ ఉన్న ఈ20 పెట్రోలు విడుదలైంది. 20 శాతం లక్ష్యానికి మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని ముందుకు జరిపి 2025లోనే అందుకున్నారు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో రబ్బరు, ప్లాస్టిక్, లోహ భాగాలు ఈ20ని తట్టుకునేలా ఉంటున్నాయి. ముందటి అంబాసిడర్లకు, పద్మినిలకు, స్టాండర్డ్ హెరాల్డ్‌లకు ఆ భాగ్యం లేదు.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. 2021 సెప్టెంబరులో మామూలు పెట్రోలును 10 శాతం ఇథనాల్‌కు మార్చినప్పుడు, పాత కార్ల కోసం 5 శాతానికి మించని సూపర్ గ్రేడును బంకుల్లో ఉంచారు. అక్కడి క్లాసిక్ కారు యజమానికి పంపు దగ్గర ఎంచుకునే వీలుంది. ఇక్కడి యజమాని ఇంధనాన్ని అంత సులువుగా మార్చలేడు కాబట్టి భాగాలనే మార్చుకోవాలి.

ఇథనాల్ మూడు రకాలుగా దెబ్బ తీస్తుంది. మొదటిది, అది గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని కనబడకుండా తనలో దాచుకోగలదు. అంతకు మించినా, రాత్రి చల్లబడినా నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు పైన తేలుతుంది, పంపు లాగేది మాత్రం అడుగు నుంచే. వానాకాలమంతా సగం ట్యాంకుతో నిలబెట్టిన బండి దసరాకు స్టార్టు కాకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. రెండోది, అది పాత రబ్బరులో మెత్తదనం కోసం కలిపిన నూనెలను బయటికి లాగేస్తుంది. ఇంధనం తగులుతున్నంతసేపు పైపు ఉబ్బి మెత్తబడుతుంది. ఆరినప్పుడు బిరుసెక్కి పగులుతుంది. మూడోది లోహాల సంగతి: జింకు కలిసిన పోత లోహం తెల్లటి పొడి కడుతుంది, ఇత్తడికి చిలుము పడుతుంది, ట్యాంకు లోపలి సీసం-తగరం పూత పలచబడుతుంది.

ఇథనాల్ లేని పెట్రోలు నిలవ ఉంటే మంచిదేనా అంటే అదీ కాదు. తేలిక భాగాలు ఆవిరైపోయి, మిగిలినవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా, ఆపైన గోధుమరంగు వార్నిషుగా మారతాయి. పుల్లటి ఘాటు వాసన వచ్చే పెట్రోలు అప్పటికే చెడిపోయినట్టు లెక్క. దాన్ని కొత్త పెట్రోలులో కలిపి వాడేద్దామనే పొదుపు కార్బొరేటర్ మీద పడుతుంది.

ట్యాంకు: పని మొదలయ్యే చోటు

1950లు, 60ల నాటి చాలా ట్యాంకులు సీసం-తగరం పూత ఉన్న ఉక్కు రేకుతో చేసినవి. పూత చెదిరిన చోట తుప్పు మొదలవుతుంది. అది సాధారణంగా సగం ట్యాంకు పైన, గాలీ చెమ్మా తగిలే భాగంలో ఎక్కువ. అడుగున మడ్డి పేరుకుంటుంది. ట్యాంకు దించి, డ్రెయిన్ బోల్టు తీసి, గేజి యూనిట్ విప్పి లోపల చూడాలి. రేకు గట్టిగా ఉంటే శుభ్రం చేయవచ్చు. వేలితో నొక్కితే లోపలికి పోయే చోటు ఉంటే కొత్త ట్యాంకు చేయించుకోవడమే దారి.

శుభ్రం చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. పిడికెడు నట్లో, గొలుసు ముక్కో వేసి ట్యాంకును ఊపితే పెచ్చులు రాలతాయి. ఆ తర్వాత నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, వేడి నీళ్లలో కలిపి పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే తుప్పు మెత్తగా వదులుతుంది. పనయ్యాక వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. తడి రేకు గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. బట్టల సోడా నీళ్లలో బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపి తుప్పు వదిలించేవారూ ఉన్నారు. ఆ పద్ధతిలో హైడ్రోజన్ వాయువు వస్తుంది, కనుక ఆరుబయటే చేయాలి. లోపల పెట్టే కడ్డీకి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు. దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది.

చిల్లులు పూడ్చడానికి లోపల పోసే ఎపాక్సీ పూత విషయంలో తొందరపాటు పనికిరాదు. ఇథనాల్ రాకముందు తయారైన పూతలు కొన్ని ఇప్పటి పెట్రోలులో పొరలు పొరలుగా ఊడి, లైనును మూసేశాయి. తుప్పు కంటే ఊడిన పూత ప్రమాదం, ఎందుకంటే తుప్పును ఫిల్టరు పట్టుకుంటుంది, పొర మాత్రం ట్యాంకు లోపలి జాలీనే కప్పేస్తుంది. ఇథనాల్‌కు తగినదని తయారీదారు రాసిన పూత అయితేనే వాడాలి. రేకు బాగున్న ట్యాంకుకు అసలు పూతే అక్కర్లేదు.

వెల్డింగ్ గురించి గట్టిగా చెప్పాలి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. ఎండబెట్టిన ట్యాంకులోనూ మడతల్లో, జిగురు పొరల కింద అంతపాటి ఆవిరి దాగి ఉంటుంది. సీసం టంకం వేయాలన్నా, గ్యాసు వెల్డింగ్ చేయాలన్నా నీటి ఆవిరి పట్టించి కడిగి, పెట్రోలు ఆవిరి లేదని మీటరుతో పరీక్షించగల పనివాడి చేతిలోనే పెట్టాలి. రోడ్డు పక్క వెల్డింగ్ షెడ్డు దీనికి చోటు కాదు.

తిరిగి బిగించేటప్పుడు జనం మరిచేవి రెండు. ఒకటి, గాలి గొట్టం. అది మూసుకుపోతే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో శూన్యం ఏర్పడి బండి కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. మూత తీయగానే బుస్సుమని గాలి పీల్చుకుని మళ్లీ నడుస్తుంది. రెండోది ఎర్తింగ్. కొత్తగా రంగు వేసి, రబ్బరు పట్టీల మీద కూర్చోబెట్టిన ట్యాంకుకు బాడీతో లోహపు సంబంధం తెగిపోయి పెట్రోలు గేజి పనిచేయదు. మీటరు పాడైందని డ్యాష్‌బోర్డు విప్పేవారు ఉన్నారు. ఒక్క ఎర్త్ వైరుతో పోయే పని అది.

లైను, రబ్బరు పైపులు

క్లాసిక్ కారు మంటల్లో పడటానికి ఇంజన్ మీద కారే పాత రబ్బరు పైపు చాలు. ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇందుకు ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ. ముందు డిక్కీలో ట్యాంకు, వెనక ఇంజన్, మధ్యలో బండి పొడవునా లోహపు లైను, రెండు కొసలా బట్ట అల్లిక ఉన్న సన్నటి రబ్బరు పైపులు. అల్లిక కింద రబ్బరు పగిలినా పైకి కనబడదు. దానికి తోడు కార్బొరేటర్‌లోకి పెట్రోలు వెళ్లే చిన్న ఇత్తడి గొట్టం వదులై ఊడి వచ్చిన సందర్భాలున్నాయి. కింద వేడి ఇంజన్, పక్కనే డిస్ట్రిబ్యూటర్. అందుకే బీటిల్ తెలిసినవారు ఇంజన్ గదిలో ప్లాస్టిక్ ఫిల్టరు పెట్టనివ్వరు. అదనపు ఫిల్టరు అంటే అదనంగా రెండు జాయింట్లు, వేలాడే బరువు. ఫిల్టరును ట్యాంకు దిగువనో, గేరుబాక్సు దగ్గరో పెడతారు.

పైపు కొనేటప్పుడు చూడాల్సింది దాని మీద అచ్చు. అమెరికా ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ పెట్టిన ప్రమాణాల ప్రకారం 30ఆర్7 అని ఉంటే కార్బొరేటర్ బండ్లలాంటి తక్కువ పీడనానికి. 30ఆర్9 ఇంజెక్షన్ బండ్లకు చేసినది. దాని లోపలి పొర ఫ్లోరిన్ కలిసిన రబ్బరు కావడంతో ఇథనాల్‌కు బాగా తట్టుకుంటుంది. అందుకే కార్బొరేటర్ బండికి కూడా 30ఆర్9 వేయడం మంచిది. ధర ఎక్కువే, కానీ పాత కారుకు పట్టే పైపు మొత్తం కలిపినా గజం రెండు గజాలకు మించదు. 30ఆర్14 రకం పెట్రోలు వాసనను బయటికి తక్కువగా వదులుతుంది. షెడ్డు ఇంటికి ఆనుకుని ఉన్నవారికి అది నప్పుతుంది. ఏ అచ్చూ లేని నల్ల పైపును ధర చూసి కొనడం ఈ పని మొత్తంలో చేయగల అతి పెద్ద పొరపాటు.

ఫ్లోరిన్ రబ్బరును డ్యుపాంట్ కంపెనీ 1957లో వైటాన్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. వాషర్లు, నీడిల్ కొసలు, ఓ-రింగుల్లో ఇప్పుడు అడిగి తీసుకోవాల్సిన పదార్థం అదే. మామూలు నైట్రైల్ రబ్బరు శుద్ధ పెట్రోలుకు బాగానే ఉంటుంది; ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ ఉబ్బుతుంది.

ఇక్కడ ఒక బులపాటం గురించి హెచ్చరించాలి. సీలు విప్పని పాత డబ్బాలో, యాభై ఏళ్ల నాటి ఒరిజినల్ డయాఫ్రమ్ దొరికిందని సంబరపడేవారు పాత కార్ల లోకంలో తరచూ కనిపిస్తారు. గేరు పళ్లకో, డోర్ హ్యాండిల్‌కో ఆ సంబరం తగును. రబ్బరు డబ్బాలో ఉన్నా ముసలిదవుతుంది. పైగా అది తయారైంది వేరే పెట్రోలు కోసం. అలాంటి సరుకును అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చు, బండిలో పెట్టకూడదు.

బండి అడుగున పోయే ఉక్కు లైను లోపల తుప్పు పట్టి సన్నబడుతుంది. రాగి గొట్టం వంచడం సులువని మార్చేవారు ఎక్కువ. రాగికి రెండు లోపాలు: అదురుకు బిరుసెక్కి చిట్లుతుంది, పెట్రోలు జిగురుగా మారడాన్ని వేగిరపరుస్తుంది. రాగి-నికెల్ మిశ్రమపు గొట్టం చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు. ఎక్కువ సందర్భాల్లో 6 లేదా 8 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. రబ్బరు ఎక్కించే కొసకు చిన్న ఉబ్బు తీయాలి, లేకపోతే క్లిప్పు ఎంత బిగించినా పైపు జారుతుంది. చీలికలున్న పాత రకం స్క్రూ క్లిప్పు మెత్తటి పైపును కోసేస్తుంది. అంచులు మడిచిన, చుట్టూ సమంగా నొక్కే ఇంజెక్షన్ క్లిప్పు మేలు.

పంపు, ఎండాకాలం

అంబాసిడర్ 1950ల చివర హుగ్లీ నది ఒడ్డున ఉత్తర్‌పారాలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చుతో మొదలై 2014 మే దాకా తయారైంది. ఆ కారు నడిపిన డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: మే నెల మిట్టమధ్యాహ్నం బండి ఆగిపోతే బానెట్ ఎత్తి పంపు మీద తడిగుడ్డ వేయడం. వాళ్లు ఎయిర్ లాక్ అనేవారు. నిజానికి లైనులో చేరేది గాలి కాదు, పెట్రోలు ఆవిరే. పెట్రోలులోని తేలిక భాగాలు 35-40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 45 డిగ్రీలున్న రోజున ఇంజన్ గది ఎంత కాలుతుందో చెప్పక్కర్లేదు. డయాఫ్రమ్ పంపు ద్రవాన్ని లాగగలదు, ఆవిరిని లాగలేదు. కొద్ది పాళ్లలో కలిసిన ఇథనాల్ పెట్రోలు ఆవిరయ్యే గుణాన్ని ఇంకాస్త పెంచుతుంది కూడా.

తడిగుడ్డతో గండం గడుస్తుంది, రోగం పోదు. లైనును సైలెన్సరు పైపుకు దూరంగా తిప్పడం, మధ్యలో వేడిని అడ్డే రేకు పెట్టడం, కార్బొరేటర్ కింద మందపాటి బేకలైట్ ప్యాకింగ్ వేయడం అసలు మందులు. ఇంజన్ మీది పంపును వదిలేసి ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టుకునేవారూ ఉన్నారు. ఎలక్ట్రిక్ పంపు తోయడంలో గట్టిది, లాగడంలో బలహీనం. కనుక దాన్ని వెనక, ట్యాంకు మట్టానికి సమంగా గానీ కిందుగా గానీ బిగించాలి. పీడనం చూసుకోవాలి: ఎస్‌యూ కార్బొరేటర్లకు చదరపు అంగుళానికి 3 పౌన్లు దాటితే నీడిల్ ఆపలేక పెట్రోలు పొంగుతుంది. ప్రమాదంలో బండి గుద్దుకుంటే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్ లేకుండా ఎలక్ట్రిక్ పంపు పెట్టకూడదు. ఇంజన్ ఆగినా తాళం ఆన్‌లో ఉన్నంతసేపు అది పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

మెకానికల్ పంపులో మారేది డయాఫ్రమ్, రెండు వాల్వులు, ప్యాకింగులు. రిపేర్ కిట్ కొనేముందు ఇథనాల్‌కు తగిన డయాఫ్రమేనా అని అడగాలి. చిరిగిన డయాఫ్రమ్ చేసే అపకారం పైకి కనిపించదు. పెట్రోలు బయట కారకుండా ఇంజన్ లోపలికి దిగి ఆయిలులో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం పెరిగి, పలచబడి, పెట్రోలు వాసన వేస్తే బండిని ఆ క్షణమే ఆపాలి. పలచటి ఆయిలు బేరింగులను తినేస్తుంది.

ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపుది ఇంకో కథ. తాళం తిప్పగానే టకటకమని కొట్టుకుని, కార్బొరేటర్ నిండగానే నిదానిస్తుంది. లోపలి కాంటాక్ట్ పాయింట్లు మాడితే మౌనం వహిస్తుంది. అప్పుడు స్పానరుతో ఒక్క దెబ్బ వేస్తే కదిలేది. బ్రిటిష్ కార్ల వాళ్లకు ఇది ఇంటింటి వైద్యం. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో ఉన్న బర్లెన్ సంస్థ ఇప్పటికీ ఈ పంపులనూ ఎస్‌యూ కార్బొరేటర్లనూ తయారుచేస్తోంది. పాత ఆకారంలోనే, పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న రకమూ దొరుకుతుంది.

కార్బొరేటర్

కార్బొరేటర్ గిన్నెలో ఫ్లోటు చేసేది మేడ మీది నీళ్ల ట్యాంకులో బంతి చేసే పనే: మట్టం పెరిగితే పైకి తేలి వాల్వు మూస్తుంది. ఇత్తడి ఫ్లోటుకు సన్నటి చిల్లు పడితే లోపలికి పెట్రోలు చేరి బరువెక్కుతుంది. చెవి దగ్గర ఊపితే చప్పుడు తెలుస్తుంది. వేడి నీళ్లలో ముంచితే చిల్లు ఎక్కడో బుడగలు చూపిస్తాయి. టంకంతో పూడ్చవచ్చు గానీ, ముందు లోపలి పెట్రోలు పూర్తిగా పోవాలి. టంకం ఎక్కువైతే ఫ్లోటు బరువు పెరిగి మట్టమే మారిపోతుంది. కొత్త ఫ్లోటు దొరికే కార్బొరేటర్‌కు ఈ శ్రమ దండగ.

ఎస్‌యూ కార్బొరేటర్‌ను కనిపెట్టింది లండన్‌కు చెందిన స్కిన్నర్ సోదరులు. 1926లో ఆ కంపెనీని విలియం మోరిస్ కొన్నాడు. ఆ దారిలోనే అది మోరిస్ కార్లకూ, అక్కడినుంచి అంబాసిడర్‌కూ వచ్చింది. పైకి కిందికి కదిలే పిస్టను, దానికి వేలాడే మొన తేలిన నీడిల్, నీడిల్ దూరే ఒకే ఒక్క జెట్టు. సరళమైన యంత్రం కాబట్టి నమ్మకమూ ఎక్కువే. పాత హెచ్ రకంలో జెట్టు చుట్టూ బెండు వాషర్లుంటాయి. ఎండినవి పెట్రోలు కారుస్తాయి. కొత్తవి వేసేముందు ఆయిలులో నానబెట్టడం ఆనవాయితీ. హెచ్‌ఎస్ రకంలో ఫ్లోటు మట్టం సరిచూడటానికి మూతను బోర్లించి, 1/8 నుంచి 3/16 అంగుళం మందమున్న డ్రిల్ బిట్ కాడను ఫ్లోటుకూ మూతకూ మధ్య దూర్చి చూస్తారు.

విప్పినప్పుడు జెట్లను తీగతో గానీ సూదితో గానీ పొడవకూడదు. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా మిశ్రమం మారుతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టడం, లేదా అల్ట్రాసోనిక్ తొట్టిలో వేయడం సరైన పద్ధతి. చాలా మందికి తట్టనిది థ్రోటిల్ కడ్డీ అరుగుదల. అక్కడి సందుల్లోంచి దొంగ గాలి దూరుతుంటే ఎన్ని కిట్లు మార్చినా, ఎంత ట్యూనింగ్ చేసినా ఐడిలింగ్ కుదరదు. లేతు పనివాడితో కొత్త బుష్ వేయిస్తే కుదురుతుంది.

భాగాలన్నీ మార్చినా మిగిలే సమస్య మిశ్రమానిది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 పాళ్లు చాలు. ఈ20కి ఆ లెక్క 13.5 దగ్గరకు వస్తుంది. పాత జెట్టుతో పోతే మిశ్రమం దాదాపు 8 శాతం పలచనవుతుంది. కొత్త కారులో కంప్యూటర్ సర్దుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఇంజన్ వేడెక్కడం, యాక్సిలరేటర్ తొక్కగానే తడబడటం, మిస్సింగ్ దాని లక్షణాలు. ఒక మెట్టు పెద్ద మెయిన్ జెట్టు, ఎస్‌యూలో అయితే కాస్త చిక్కటి మిశ్రమమిచ్చే నీడిల్ వేసి, స్పార్క్ ప్లగ్గు రంగు చూసి సరిచేస్తారు. మైలేజీ తగ్గుతుంది, తప్పదు. 10 శాతం ఇథనాల్‌కు సర్దిన నాలుగు చక్రాల పాత బండ్లకు ఈ20 వల్ల మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది.

ఇంజెక్షన్ ఉన్న క్లాసిక్‌లు

1954 నాటి మెర్సిడెస్ 300ఎస్ఎల్ నేరుగా సిలిండర్‌లోకి పెట్రోలు చిమ్మే మెకానికల్ ఇంజెక్షన్‌తో వచ్చింది. 1970ల నుంచి బాష్ కే-జెట్రానిక్ పోర్షే, మెర్సిడెస్, వోల్వో కార్లలో విరివిగా కనిపిస్తుంది. కార్బొరేటర్ లైనులో పీడనం చదరపు అంగుళానికి మూడు నుంచి ఐదు పౌన్లయితే, ఇందులో 70 దాకా ఉంటుంది. అక్కడ లీకు బొట్లుగా పడదు, పొగమంచులా చిమ్ముతుంది. జాగ్వార్ వీ12లో ఇంజెక్టర్ల దగ్గరుండే పొట్టి రబ్బరు ముక్కలు రెండు వరుసల సిలిండర్ల మధ్య వేడికి మాడతాయి. ఆ కారు కొన్నవారు ముందుగా మార్పించేవి అవే. ఈ తరగతి పనిని ఇంట్లో ప్రయోగించకపోవడమే మంచిది.

అసలుతనం ఎంతవరకు

పాత కారు పోటీల్లో నిర్ణేతలు క్లిప్పు ఆకారం దాకా చూస్తారు. అందుకే పైకి పాత బట్ట అల్లిక, లోపల కొత్త ఫ్లోరిన్ రబ్బరు ఉన్న పైపులు తయారవుతున్నాయి. గాజు గిన్నె ఫిల్టరును అలాగే ఉంచి, కనబడని చోట కాగితపు ఫిల్టరు పెడతారు. విప్పిన పాత భాగాలను చీటీ కట్టి దాచుకుంటే కారు చరిత్ర చెక్కుచెదరదు. కనబడే చోట అసలుతనం, పెట్రోలు తాకే చోట కొత్తదనం: ఈ సర్దుబాటును తప్పుపట్టడానికి లేదు. కదలకుండా ప్రదర్శనకే ఉండే కార్ల సంగతి వేరు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాం 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటివి అద్దం వెనక నిలబడే బండ్లు. వాటిలో ఏ భాగాన్నైనా మార్చడం కంటే పెట్రోలు పూర్తిగా తీసేసి, పొడిగా ఉంచడం మేలు.

మన దేశంలో 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్ర అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకుంటే 5,000. అలాంటి బండిని రోజువారీ అవసరాలకో, బాడుగకో తిప్పకూడదు. అంటే అది ఏడాదిలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది. పెట్రోలు నిలవ చెడే ముప్పు ఈ నిబంధనతో పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి వింటేజ్ యజమాని ట్యాంకును దాదాపు నిండుగా ఉంచి గాలికి చోటివ్వకపోవడమో, నెలల తరబడి తీయనప్పుడు పూర్తిగా ఖాళీ చేయడమో, ఏదో ఒకటే చేయాలి. సగం ట్యాంకు అన్నిటికంటే చెడ్డది.

పనంతా అయ్యాక మొదటిసారి స్టార్టు చేసే రోజున ట్యాంకులో నాలుగైదు లీటర్ల తాజా పెట్రోలు చాలు. బండిని ఆరుబయట నిలిపి, పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండర్ పెట్టుకోవాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది పరచుకుంటుంది. ఎలక్ట్రిక్ పంపు ఉంటే ఇంజన్ తిప్పకుండా తాళం మాత్రమే ఆన్ చేసి, ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడాలి. మెకానికల్ పంపు బండిలో కొద్దిసేపు సెల్ఫ్ తిప్పాక అదే పని. వంద కిలోమీటర్లు నడిచాక క్లిప్పులు మరోసారి బిగించి, ఫిల్టరు మార్చాలి. కడిగిన ట్యాంకు నుంచి మిగిలిన తుప్పంతా ఆ మొదటి ఫిల్టరులోనే చేరుతుంది. పైపులు ఏ నెల, ఏ ఏడు మార్చారో సర్వీసు పుస్తకంలో రాసిపెట్టుకుని, ఐదేళ్లు నిండగానే అవి బాగా కనిపిస్తున్నా సరే మళ్లీ మార్చండి.